మోచేతి స్కానింగుకు మూడు బిందెల నీళ్లు

ముందే ఒప్పుకుంటున్నాను, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. స్కానింగ్ రిపోర్టులో మిల్లీమీటరు కూడా అటూ ఇటూ పోనివ్వను గానీ, సంతకం పెట్టి కుర్చీలోంచి లేచానంటే పిల్లి కాస్తా పులి అయిపోతుంది. కింద రాసిందంతా సగానికి తగ్గించి చదువుకోండి.

వరంగల్‌లో నా స్కానింగ్ గదికి కాశిబుగ్గ నుంచి ఒక నాయనమ్మ, ఏడేళ్ల మనవరాలితో వచ్చింది. జంపఖానాలు నేసే ఇల్లు. పిల్ల మగ్గం మీద నుంచి దూకి మోచేతి పైన ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ చేసి, సన్నటి తీగలు గుచ్చి నిలబెట్టారు. కొన్ని వారాలకు కట్టు విప్పారు. ఎముక చక్కగా అతుక్కుంటోంది గానీ, బొటనవేలి కొసా చూపుడువేలి కొసా వంగడం లేదు. దారప్పోగు కూడా పట్టుకోలేకపోతోంది. ఆ వేళ్లను వంచే నరం తెగిందో, ఎముక సందులో ఇరుక్కుందో అయితే మళ్లీ కొయ్యాలి. ఉత్తగా నలిగిందే అయితే ఆగి చూడొచ్చు. ఏదో తేల్చమని ఎముకల డాక్టరు నా దగ్గరికి పంపాడు.

నాయనమ్మకు తెలిసిన స్కానింగ్ ఒక్కటే, కోడళ్ల కడుపు స్కానింగ్. అందుకని పొద్దున్నే పిల్లతో మూడు బిందెల నీళ్లు తాగించి తెచ్చింది.

"సారూ, జర జల్ది చూడుండ్రి. కడుపు కుండలెక్క అయింది."

"చెయ్యి చూసెటందుకు నీళ్లెందుకు అవ్వా?"

"గట్లంటరేంది? మా కోడలికైతే సీసాలకు సీసాలు తాగుమన్నరు!"

పిల్ల కాళ్లు మెలేసుకుంది. "నాయినమ్మా, ఇగ ఆగుతలేదే!"

"ఆగు బిడ్డా, నువ్వు పోతే నరం కనవడదు!"

"నరం యాడికి పోదవ్వా. ముందుగాల పిల్లను పోనియ్యి," అన్నాను.

పోయింది. పాకాల చెరువు నిండి మత్తడి దూకిన చప్పుడు హన్మకొండ దాకా వినిపించిందని అంటారు. తిరిగొచ్చి మంచమెక్కింది. చేతికి జెల్ రాయగానే "అబ్బ, సల్లగున్నది!" అని కిలకిలా నవ్వింది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు.

పరికరాన్ని మోచేతి లోపలి పక్కన ఆనించి పైనుంచి కిందికి జరిపాను. తెర మీద నరం నిలువునా కనబడింది. పక్కపక్కనే సాగిపోయే సన్నటి గీతలు, అచ్చం మగ్గం మీది పడుగు పోగులు.

నాయనమ్మ చప్పున పోల్చుకుంది. "ఏడన్న పోగు తెగిందా సారూ?"

ఒక్క చూపు చూశాను. "తెగలేదవ్వా. విరిగినకాడ జర ఉబ్బింది, గంతే."

"ఇరుకవడ్డదా మరి?"

మోచేతిని మెల్లగా వంచి చాపాను. నరం ఎముక మీద హాయిగా జారింది. "సూడు, ఎట్ల జారుతాందో. ఫికర్ వద్దు."

ఎముకల డాక్టరు కత్తి పక్కన పెట్టి ఆగాడు. రెండు నెలలకు ఆ పిల్ల మళ్లీ వచ్చి, ఆ రెండు వేళ్ల కొసలతోనే నా మీసంలో ఒక వెంట్రుక ఏరి పట్టుకుని పీకింది. నా కేక ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలను కదిలించింది.

ఇక కల్పించింది ఏదంటారా? బిందెలూ కాదు, చెరువూ కాదు. అవి మామూలు అతిశయోక్తులే. "ఒక్క చూపు చూశాను" అన్నది పచ్చి అబద్ధం. ఆ ఉబ్బు దగ్గర గీతలు మసకబారి నాకు ఏమీ తేలలేదు. బాగున్న రెండో చేతికి జెల్ రాసి, అదీ ఇదీ పోల్చుకుంటూ ఎన్నిసార్లు పైకీ కిందికీ పోయానో లెక్కలేదు. తెగిందా అని అడిగిన నాయనమ్మ అంతసేపూ తెర వైపు కాదు, నా మొహం వైపే చూస్తూ నిలబడింది.