కీబోర్డు మీద పచ్చ లైటు

మొన్న ఒక బంధువును సాగనంపడానికి శంషాబాద్ విమానాశ్రయానికి వెళ్తే, కౌంటర్ దగ్గరి అమ్మాయి కీబోర్డు మీద చిన్న పచ్చ లైటు కనిపించింది. అంకెలు పడతాయని చెప్పే లైటు అది. దాని కోసం ఒకప్పుడు పడ్డ తిప్పలు గుర్తొచ్చి, అసలే నిలబడి ఉన్న కాళ్లకు ఇంకాస్త అలసట చేరింది.

తొంభైల్లో, భూములు పోయి ఇంటిపేరు మాత్రం మిగిలిన రోజుల్లో, గగన్‌పహాడ్‌లోని ఒక రేకుల ఫ్యాక్టరీలో పదిహేను రోజుల పరీక్ష మీద చేరాను. నల్లటి తెర మీద ఒక్కో ఆజ్ఞా టైపు చేసుకునే డాస్ కాలం. బయటికెళ్లే ప్రతి లారీ బరువూ ఎక్కించి చీటీ తీయాలి. అంకెలు కుడివైపు మీటలతోనే కొట్టాలని మేనేజర్ పట్టుదల. పొద్దున యంత్రం ఆన్ చేస్తే ఆ మీటలు అంకెలు వేసేవి కావు. ఎనిమిది నొక్కితే కర్సర్ పైకి, రెండు నొక్కితే కిందికి పరుగెత్తేది. ఎవరినైనా అడగవచ్చు. మా ఇంట్లో అడిగే అలవాటు లేదు. యంత్రం ఆపి మళ్లీ ఆన్ చేసేవాణ్ని. మళ్లీ అదే పరుగు. కిటికీ అవతల నుంచి డ్రైవర్, "ఏంది దొరా, లారీకి ముహూర్తం జూస్తున్నవా?" అనేవాడు. ఈ ఉద్యోగం కూడా ఊడితే ఇంటికి ఏ ముఖంతో వెళ్లాలో తెలియలేదు.

పక్క బల్ల దగ్గర పాత ఆపరేటర్ ఉండేది. శంషాబాద్‌లో చర్చి పక్కన వాళ్ల ఇల్లు. ఆమె తండ్రి మా తాతగారి వాకిట్లో చెప్పులు చేతబట్టుకుని నడిచినవాడు. ఆమె నన్ను అన్నా అని పిలిచేది. ఆ పిలుపుకు నేను ఒక్కసారీ తల తిప్పలేదు. ఐదో రోజు మెల్లగా చెప్పింది: "అన్నా, జర కుడిదిక్కు పైన బటన్ జూడు. అది నొక్కితే లైటు ఎలుగుతది, ఇగ అంకెలు పడ్తయి."

"నాకు తెలుసు" అన్నాను. తెలియదు. ఆమె ఎదుట నొక్కలేక, ఆ రోజు చీటీలన్నీ చేత్తో రాశాను.

మర్నాడు ఆన్ చేయగానే లైటు దానంతటదే వెలిగింది. ఆ తర్వాత రోజూ వెలిగింది. యంత్రానికి బుద్ధొచ్చిందనుకున్నాను. ఉద్యోగం నిలిచింది.

నాలుగేళ్లకు ఆమె షాద్‌నగర్‌లో వేరే ఫ్యాక్టరీకి మారిపోయింది. ఆ మరుసటి నెల కొత్త యంత్రం వచ్చింది, లైటు వెలగలేదు. మెకానిక్ పాతదాన్ని ఆన్ చేసి చూశాడు. ఆన్ కాగానే లైటు వెలిగించే బుల్లి ప్రోగ్రాం ఒకటి ఎవరో అందులో పెట్టారట, దానికి పేరు కూడా మార్చారట. తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరు చదివాను: అన్న.

కొత్తదాంట్లోనూ తనంతటదే వెలిగేలా పెడతానన్నాడు. ప్రోగ్రాం ఎక్కించు చాలు, దానంతటది వెలగడం వద్దన్నాను. అక్కడ పనిచేసినన్నాళ్లూ పొద్దున్నే ఆ నాలుగు ఇంగ్లీషు అక్షరాలూ నేనే కొట్టి ఎంటర్ నొక్కేవాణ్ని. లైటు వెలిగేది. ఆమె పిలుపుకు నేను తల తిప్పేసరికి నాలుగేళ్లు గడిచిపోయాయి, పక్క బల్ల ఖాళీగా ఉంది.