వానను పిలిచిన గొంతు

టీవీ అనే మాట కూడా మేము వినని రోజులవి. గార్లదిన్నె దాపున మా పల్లె. పాట వినాలంటే పంచాయతీ అరుగు మీది రేడియోనే దిక్కు. అందులో ఒకాయన వాన పాట పాడేవాడు. వానను చుట్టంలా పిలిచి, రానందుకు నిష్ఠూరమాడి, చివర గొంతు వణికించేవాడు. ఆ వణుకు దగ్గర నాకు కళ్లు చెమర్చేవి. ఈయన కూడా మాలాగే ఆకాశం చూసి చూసి మెడ నొప్పి పుట్టినవాడేనని తీర్మానించుకున్నాను. ఎవరైనా కాదంటే పోట్లాడేదాన్ని. నా నోటికి జడిసి మా అమ్మ కూడా ఔననేది.

ఆ యేడు శనక్కాయ విత్తాక వాన మొహం చాటేసింది. సరిగ్గా అప్పుడే ఆయన అనంతపురంలో కచేరీకి వస్తున్నాడని తెలిసి నాయన వెంటపడ్డాను.

"చేను ఎండిపోతాంటే పాటలకు పోతామా?" అన్నాడు నాయన.

"ఆయప్పకు మన బాధ తెలుసు నాయనా. ఒక్కసారి ఎదురుగా విను."

నాయన పాటకు కరిగే మనిషి కాదు. నా మాటకు కరిగి బస్సెక్కాడు.

బడి మైదానంలో కచేరీ. వేదికకు మాత్రమే పైన గుడ్డ కట్టారు, మేమంతా నేల మీద కూర్చున్నాం. జనం వాన పాట అడిగితే, అది చివర్న అని నవ్వాడాయన. ఇంకో రెండు పాటలయ్యాయో లేదో గాలి మారింది. చినుకులు మొదలయ్యాయి. ఒక్కరూ లేవలేదు. కొంగు కప్పుకున్న ఆడవాళ్లు కూడా తీసేసి తలలు తడుపుకున్నారు. ఇక పాడతాడు, ఇప్పుడు పాడకుంటే ఇంకెప్పుడని నాయన భుజం పట్టి కుదిపాను.

ఆయన పైగుడ్డలోంచి కారి తన పట్టు జుబ్బా మీద పడిన చినుకులు చూసుకున్నాడు. హార్మోనియం వాయించే మనిషి వైపు తిరిగి, "పాడు వాన, ఇప్పుడే రావాలా? పెట్టె సర్దు" అన్నాడు. మైకు ఆ మాటను మైదానమంతా వినిపించింది.

మా జిల్లాలో అల్లుణ్ని తిడతారు, సర్కారును తిడతారు, కోపమొస్తే దేవుణ్నీ తిడతారు. కురిసే వానను తిట్టిన నోరు నేను అంతకుముందు వినలేదు.

నాయన వేదిక దాకా పోయి, "సామీ, ఇప్పుడు గదా పాడల్ల" అన్నాడు. ఆయన తల కూడా తిప్పలేదు. ఎవరో గొడుగు పడితే పోయి కారెక్కాడు.

బస్సులో నాయన తడిసిన తువ్వాలు ఒళ్లో పెట్టుకుని, చేను నిలుస్తుందని మురిసిపోయాడు. ఆయన్ని మాత్రం ఒక్క మాట అనలేదు. నా పరువు కోసమే అనలేదని తెలిసి నాకు ఇంకా మండింది. నన్ను మోసం చేశాడు. నా నోటితో నాయనను కూడా మోసం చేయించాడు.

మరుసటి సాయంత్రం రేడియోలో అదే పాట వచ్చింది. నేను అరుగు దిగాను.

"యాడికి పోతాండావు? నీ పాట వస్తాండాది" అన్నాడు నాయన.

"అది నా పాట గాదు నాయనా."

తడుస్తూ ఇంటిదారి పట్టాను. వాన నిన్నటినుంచి విడవకుండా కురుస్తూనే ఉంది. వెనక ఆయన మాత్రం అదే వణుకుతో దాన్ని రా రమ్మని బతిమాలుతున్నాడు.