నాలుగు నిమిషాల పాట

1983 జూలై 15, శుక్రవారం, ఉదయం పది గంటల పది నిమిషాలు. బయట దుమ్ముగాలి, నీడలోనే నలభై ఆరు డిగ్రీలు. కువైట్‌లోని సబ్హాన్ ప్రాంతంలో, మా కంపెనీ గిడ్డంగి వెనుక ఉన్న నా గదికి మా క్రేన్ డ్రైవరు తన టీవీ నాటకం పట్టుకుని వచ్చాడు. కోనసీమవాడు. రాసిన ప్రతి మాటనూ పైకి చదివి, “ఇది నోటికొత్తాదాండీ?” అని భోజనాల వరుసలో నిలబడినవారిని సైతం అడగడం అతని అలవాటు.

అంతకు ముందు పంపిన నాలుగు నాటకాలు తిరిగి వచ్చాయి. ముప్పై నిమిషాలు మించితే దీన్నీ పరిశీలించబోమని హైదరాబాదు టీవీ కేంద్రం రాసింది. మధ్యాహ్నం విమానానికి వెళ్ళే మిత్రుడి చేతికి రాతప్రతి ఇవ్వాలి. డ్రైవరు అన్ని పాత్రలూ తానే చదివాడు. నేను గడియారం చూశాను. ముప్పై నాలుగు నిమిషాలైంది. అందులో భార్య పాత్ర పాడే దంపుళ్ళ పాటకే నాలుగు నిమిషాలు.

“పాట తీసెయ్యి, సరిపోతుంది,” అన్నాను.

“ఆవిడికి ఇంకో మాట లేదండి బాబూ. పాట తీసేత్తే ఆవిడ లేనట్టేనండి.”

కలం తీసుకుని, కువైట్ నుంచి సెలవుపై వచ్చిన భర్త పాత్ర సంభాషణలన్నీ కొట్టేశాడు.

“మరి అతను మాట్లాడడా?”

“రెండేళ్ళకోసారి నెల్రోజులుండేవోడికి మాటలెందుకండీ? కూకుని ఇనమనండి.”

మళ్ళీ కొలిచాను. సరిగ్గా ముప్పై.

నేనెరిగిన ఆరేళ్ళలో అతను పంపిన నాటకాలు పదకొండు. ప్రసారమైనది ఇదొక్కటే. అందులో భార్య పాట ఒకటి. భర్త పలికిన మాటలు సున్న.