పైడమ్మత్త పంచిన లిల్లీలు

మూడు రోజులుగా తొలకరి పడుతోంది. ఈ ఉదయం బాల్కనీ తలుపు తీయగానే తడిమట్టి వాసన, కుండీ నిండా గులాబీరంగు వాన లిల్లీలు. "పైడమ్మత్తా, చూశావా" అన్నాను, నాకు తెలియకుండానే.

పెళ్లయి భీమవరం నుంచి కూర్మన్నపాలెం వచ్చినప్పుడు ఆమె మా పక్కింటావిడ. ఆమె భర్తా మా ఆయనా ఒకే ఉక్కు కర్మాగారంలో పనిచేసేవారు. చుట్టరికం లేకపోయినా వీధంతా ఆమెను అత్త అనే పిలిచేది. పుట్టిల్లు ఆనందపురం దగ్గర. పూలు పండించే కుటుంబం. అక్కడ లిల్లీ అంటే దండల్లో గుచ్చే తెల్లపూలే. ఇక్కడికి వచ్చాక మాత్రం కంటబడిన ప్రతి లిల్లీ దుంపా తెచ్చి క్వార్టర్ ముందు నాటింది. సాలీడు కాళ్లలా రేకులు చాపే తెల్ల లిల్లీ, బాకాలా విచ్చుకునే ఎర్ర లిల్లీ, ఏడాదికొక్కసారి మే నెలలో బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ. ఏది పూసినా గోడ మీదుగా నన్ను కేకేసేది.

ఒక చలికాలం నాకు అయిదో నెలలో కడుపు పోయింది. చూడవచ్చిన వాళ్లందరూ "చిన్నదానివి, మళ్లీ పుడతారులే" అన్నారు. ఆ మాట వినలేక తలుపు తీయడం మానేశాను. ఒంట్లో కాస్త ఓపిక వచ్చాక ఒకరోజు పైడమ్మత్త బొరిగె పట్టుకుని గుమ్మంలో నిలబడింది.

"ఏటమ్మీ, అలా కూకుండిపోనావు? నాను నడుం వంచలేకపోతన్నాను. ఒచ్చి ఈ దుంపలు ఏరిపెట్టు."

ఎండలో కూర్చున్నాం. ఆమె తవ్విపోస్తుంటే తల్లి దుంపకు అంటుకున్న పిల్ల దుంపలను నేను విడదీస్తున్నాను. గోరంత దుంప ఒకటి అరచేతిలోకి వచ్చేసరికి దుఃఖం ఆగలేదు. ఆమె ఊరుకోమనలేదు.

"ఏడువమ్మీ, ఏడు. సెయ్యి మాత్రం ఆపకు."

కాసేపటికి, మట్టి వైపే చూస్తూ అంది: "నాకూ ఒకడు పోనాడు. పేరెట్టీసిన తర్వాత."

ఆ పేరేమిటో నేను అడగలేదు. మళ్లీ ఎప్పుడూ ఆమె ఆ మాట ఎత్తలేదు. చీకటి పడేదాకా ఇద్దరం మట్టిలోనే ఉన్నాం. ఇంటికి వచ్చాక, చాలా రోజులకు ఆ రాత్రి ఆకలేసి అన్నం తిన్నాను.

ఆమె భర్త రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చేయాల్సి వచ్చింది. కొత్తగా వచ్చేవాళ్లు ముందు జాగానంతా సిమెంటు చేయిస్తారని తెలిసింది. పైడమ్మత్త వీధిలోని ఆడవాళ్లందరినీ పిలిచి, మళ్లన్నీ తవ్వించి, ఇంటింటికీ దుంపలు పంచేసింది; నా వంతుకు వాన లిల్లీలు వచ్చాయి.

"నీకేం మిగిలింది అత్తా?" అన్నాను.

"మీ ఇళ్లకి టీకొచ్చీడానికి సాకు మిగిలింది" అని నవ్వింది.

అన్నట్టే, కాపురం మారిన పెందుర్తి నుంచి బస్సెక్కి వచ్చేది. మేం ఫ్లాట్‌కు మారాక కూడా వచ్చింది. కుండీలో వేలు పెట్టి చూసి, "నీల్లెక్కువెట్టీసినావు, దుంప కుల్లిపోద్ది" అని కసిరి, టీ తాగి వెళ్లేది. పోయినేడు నిద్రలోనే కన్నుమూసింది.

మొన్న ఎదురింటి అమ్మాయి తండ్రి పోయాడు. చిక్కుడుకాయల బుట్ట తీసుకుని వెళ్లి, "కాస్త ఈనెలు తీసిపెట్టమ్మా" అన్నాను. సగంలో ఆ పిల్ల వెక్కివెక్కి ఏడ్చింది. నేను మరో గుప్పెడు కాయలు తన ముందుకు జరిపాను.