పదిహేనేండ్ల బల్బు

కంపెనీ బస్సు పటాన్‌చెరు దాటి భానూర్ మలుపు తిరిగేసరికి ఎల్సీ మెడ తనంతట తానే కుడివైపుకు తిరుగుతుంది. అక్కడ చర్చి ఉంటుంది. గోడ పైభాగాన ఉన్న వెంటిలేటర్లో తెల్లటి వెలుగు కనబడితే చాలు, ఊపిరి వదిలి ఒళ్లో సంచి సర్దుకుంటుంది. పక్కన కూర్చునే రవళికి ఇది అలవాటైపోయింది.

"ఉన్నడా మీ ఆయన?" అంటుంది నవ్వుతూ.

ఆ మాట అనే చనువు రవళికి మాత్రమే ఉంది. ఎల్సీ మొగుడు పోయి నాలుగేళ్లు దాటింది. అసలు సంగతి తెలిసినది కూడా రవళి ఒక్కతే.

ఎల్సీ భర్త అహరోను కామెర్లతో పోయాడు. ఆ చర్చిలో ఎవరైనా పోతే ఇంటివాళ్లు వాళ్ల పేరు మీద ఏదో ఒక వస్తువు ఇస్తారు. ఫ్యాన్ రెక్కల మీద, కుర్చీల వీపుల మీద, గోడ గడియారం కింద అన్నీ పోయినవాళ్ల పేర్లే. అహరోను తల్లి ముత్యమ్మ తన కొడుకు పేరు మీద దీపం ఇస్తానంది. నూనె దీపం కాదు, బల్బు. కోడలు చేసేది బల్బుల కంపెనీలోనే కదా. బలిపీఠం పక్క గోడకు పాలరంగు గాజు బుడ్డి ఒకటి బిగించి, లోపల బల్బు పెట్టి, కింద 'అహరోను జ్ఞాపకార్థం' అని రాయించారు.

ఆ రోజు ముత్యమ్మ అట్టపెట్టెను కోడలి చేతిలో పెట్టి, ఎన్నాళ్లు వెలుగుతుందో చదవమంది. పదిహేనేళ్లని రాసి ఉంది పెట్టె మీద. ఎల్సీ అదే చదివింది. చదువుతున్నప్పుడు ఆమెకు బల్బు సంగతే పట్టలేదు. అత్త మూడు రోజులుగా మెతుకు ముట్టలేదన్నదే మనసులో ఉంది. పదిహేనేళ్లన్న మాట విని ముత్యమ్మ వేళ్ల మీద ఏదో లెక్కేసుకుంది. "సాలు. నేను పొయ్యేదాంక ఉంటడు," అని ఆ పూట అన్నం తిన్నది. ఆ బల్బును రాత్రీ పగలూ ఎప్పుడూ ఆర్పొద్దని కూడా చెప్పింది. పాస్టరమ్మ గ్రేస్ సరేనంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ ఉండనే ఉంది.

ఏ పదిహేనేళ్లో ఎల్సీకి తర్వాత తెలిసింది. రోజుకు నాలుగైదు గంటలే వెలిగించే లెక్కన పదిహేనేళ్లు. రాత్రీ పగలూ వెలిగిస్తే పెట్టె మీద రాసింది నిజమే అనుకున్నా మూడేళ్లకు మించి రాదు. ఆ నిజం కూడా గాలాడే చోట, కరెంటు ఎగిరి పడకుండా వచ్చే చోట. ఎల్సీ పనిచేసేది ఏజింగ్ రూములో. వందల బల్బులను చెక్కల మీద వరుసగా బిగించి, కొన్ని గంటలు ఆపకుండా వెలిగించి, ఆరిపోయినవాటిని తీసేసి మిగిలినవాటిని పెట్టెలకు పంపుతారు. ఆ గదిలోంచి బయటికొస్తే ఎండ కూడా చల్లగా అనిపిస్తుంది. బల్బులో వెలుగునిచ్చే ఎల్‌ఈడీ చుక్కలు అంత తొందరగా చావవు. ముందుగా చచ్చేది మెడలో దాక్కున్న చిన్న బోర్డు. దానికి వేడి పడదు. ఊపిరాడని గాజు బుడ్డిలో బిగిస్తే ఇంకా పడదు. పదిహేనేళ్లు వెలిగిన బల్బును చూసినవాళ్లు కంపెనీలో ఒక్కరూ లేరు. కంపెనీకే ఇంకా పదిహేనేళ్లు నిండలేదు.

మొదటి బల్బు ఏడాది గడవకముందే మినుకుమినుకుమంది. ఆ వెంటిలేటర్ సరిగ్గా ముత్యమ్మ మంచానికి ఎదురుగా, సందు అవతల ఉంటుంది. పడుకున్నా కూర్చున్నా ఆమె కళ్లు దాని మీదే. ఆ రోజు ముత్యమ్మ స్త్రీల సమాజం కూటానికని పక్క ఊరు వెలిమెలకు పోయింది. ఎల్సీ గ్రేస్ దగ్గర తాళం చెవి అడిగి తీసుకుని, చర్చి ఊడుస్తానని చెప్పి, కుర్చీ ఎక్కి బల్బు మార్చింది. సాయంత్రం అత్త తిరిగొచ్చి కిటికీలోంచి చూసి, "మంచిగున్నడు," అన్నది. అప్పుడు చెప్పేయాల్సింది. చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి దారి లేకుండా పోయింది.

ప్రతి శనివారం చర్చి ఊడ్చే పని ఎల్సీదే అయింది. తాళం చెవి ఆమె మెడలో గొలుసుకు వేలాడేది. చెల్లెలి ఇంటికి పోతే ఒక్క పూటకే తిరిగొచ్చేది. జ్వరమొచ్చినా శనివారం చీపురు పట్టేది. "మా ఎల్సీకి భక్తి ఎక్కువైంది," అని ముత్యమ్మ అందరికీ చెప్పుకొనేది. పోయిన బల్బులను పారేయడానికి ఎల్సీకి చేతులు రాలేదు. అహరోను టిఫిన్ సంచిలో చుట్టి, మంచం కింది పెట్టెలో దాచింది.

ఇంతలో కంపెనీవాళ్లు జహీరాబాద్ వైపు కొత్త యూనిట్ పెట్టారు. అక్కడ ఏజింగ్ రూముకు లైన్ ఇన్‌చార్జ్‌గా రమ్మన్నారు, ఉండడానికి క్వార్టర్ ఇస్తామన్నారు. సోమవారంలోగా జవాబు చెప్పాలి. ఎల్సీకి పోవాలని ఉంది. ఎంతగా ఉందంటే, ఆ క్వార్టర్ కిటికీలోంచి ఏమి కనబడుతుందో రోజూ ఊహించుకునేది, ఏమీ కనబడకపోతే బాగుండునని. రవళి విసుక్కుంది.

"బల్బుకు కాపలా ఉంటవా పదిహేనేండ్లు? మనిషిని కట్టుకున్నవా, హోల్డర్‌ను కట్టుకున్నవా?"

ఎల్సీ మెడలో గొలుసుకున్న తాళం చెవిని జాకెట్ లోపలికి దోపుకుంది.

ఆ శనివారం మళ్లీ బల్బు మినుకుమంది. ముత్యమ్మ స్నానానికి పోవడం చూసి ఎల్సీ పరుగున పోయి మార్చింది. పెట్టె ఎప్పటిదే, బ్రాండు ఎప్పటిదే. పట్టపగటి వెలుతురులో తేడా తెలియలేదు.

పొద్దు వాలాక తెలిసింది. ముత్యమ్మ గడప మీద కూర్చుని వెంటిలేటర్ వైపే చూస్తోంది. అందులోంచి వచ్చే వెలుగు పచ్చగా ఉంది, పొద్దుటి ఎండ రంగులో. ఎల్సీ తెచ్చింది తెల్ల వెలుగు బల్బు కాదు, అదే పెట్టెలో వచ్చే పసుపు వెలుగుది.

"ఎల్సీ, నా కొడుకు రంగు మారిండు," అన్నది ముత్యమ్మ.

పాతబడితే బల్బులు పచ్చబడతాయని చెప్పేయొచ్చు. అత్త నమ్ముతుంది. ఆ మాట నాలుక మీదికి వచ్చింది కూడా. కానీ అది చెప్తే, రేపటి నుంచి పచ్చ బల్బులే వెతకాలి. ఎప్పుడూ పచ్చవే, ముత్యమ్మ ఉన్నన్నాళ్లూ.

"అది ఆ బల్బు కాదు అత్తమ్మా. మార్చిన."

"ఎప్పుడు?"

"ఇయ్యాల. ఇంతకుముందు గూడ మార్చిన. మొదటిది ఏడాది గూడ రాలే."

పోయినవన్నీ ఎక్కడున్నాయని ముత్యమ్మ అడిగింది. ఎల్సీ లోపలికి పోయి టిఫిన్ సంచి తెచ్చి ఆమె ఒడిలో పెట్టింది. ముత్యమ్మ ఒక్కో బల్బు తీసి, చెవి దగ్గర ఊపి చూసి, పక్కన పెట్టింది.

"ఇందుల మొదటిది ఏది? ఆ దినం పెట్టింది?"

ఎల్సీ ఒకదాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత ఇంకొకటి. అన్నీ ఒకేలా ఉన్నాయి, మెడ దగ్గర కాస్త కమిలి. ఏదో ఒకటి చూపించొచ్చు. "ఎరుక లేదత్తమ్మా," అన్నది.

అప్పుడు ముత్యమ్మ చెప్పింది. కంటి ఆపరేషన్‌కు సదాశివపేటలో ఉన్న తన చెల్లెలు ఎన్నిసార్లు రమ్మన్నా పోలేదట. కొడుకును ఒక్కణ్ణి వదిలి ఎట్లా పోవాలని. మసక కళ్లతోనే ఆ వెంటిలేటర్ చూస్తూ కూర్చుందట. "కావలి నేను కాస్తున్న అనుకున్న. నువ్వు కాస్తున్నవని నాకు తెల్వదు," అన్నది. గొంతులో కోపమే ఉంది. చెయ్యి చాచి, "తాళం చెవి ఇటియ్యి," అన్నది. ఎల్సీ గొలుసు విప్పింది. మెడ తేలికైంది గానీ మనసు కాలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక ముత్యమ్మ గ్రేస్‌తో ఏదో మాట్లాడింది. గాజు బుడ్డి తీయించి, ఆ పచ్చ బల్బును కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చింది. వంటింట్లో పొయ్యి దగ్గర గోడకు ఉన్న ఉత్త హోల్డర్లో తానే బిగించింది. ఆ సాయంత్రం వెంటిలేటర్ చీకటిగా ఉంది. అయినా ఎల్సీ ఎన్నిసార్లో అటు చూసింది.

సోమవారం పొద్దున ఎల్సీ లేచేసరికి ముత్యమ్మ పొయ్యి ముందుంది. బల్బు వెలుగుతోంది.

"ఇది ఎన్నేండ్లొస్తదో నాకు చెప్పకు," అన్నది ముత్యమ్మ వెనక్కి తిరగకుండానే. "పనున్నప్పుడు ఏసుకుంట, పని అయినంక ఆర్పుత. అది పోయినప్పుడు పోతది."

ఎల్సీ గుమ్మంలోనే నిలబడింది. జహీరాబాద్ సంగతి ఇంట్లో ఇంతవరకూ ఎత్తలేదు. మెల్లగా చెప్పింది. ఈరోజే జవాబు ఇయ్యాలని కూడా చెప్పింది.

"నువ్వేమంటవ్?"

"పోత," అన్నది ఎల్సీ. ఆ మాట అంత సులువుగా బయటికొస్తుందని ఆమె అనుకోలేదు.

ముత్యమ్మ అన్నం గిన్నె దించింది. స్విచ్ వైపు చెయ్యి చాచి బల్బు ఆర్పింది. ఒక క్షణం వంటింట్లో పొయ్యి మంట ఒక్కటే మిగిలింది. మళ్లీ వేసింది.

"అయితే జల్దీ తిను. బస్సు పోతది. సదాశివపేట దాంక నన్ను ఎవలు తోల్కపోతరో అది గూడ నువ్వే చూడు, పొయ్యే ముందు."

సాయంత్రం బస్సు మలుపు తిరిగినప్పుడు ఎల్సీ మెడ మళ్లీ కుడివైపుకు తిరిగింది. వెంటిలేటర్ నల్లగా ఉంది. జహీరాబాద్ పోతానని ఆ పొద్దుటే కంపెనీలో చెప్పేసింది. ఎల్సీ మెడ మీద చేత్తో రుద్దుకుంటూ, బలవంతంగా ముందుకు చూసింది.