బట్టీలోకి పోని దయ్యాలు

మనవరాలి బడిలో దయ్యాల పండగంట. మూడో తరగతి పిల్లలంతా ఇంటి నుంచి దయ్యాల బిస్కెట్లు చేసుకొని పోవాలంట. ఇంత దండగమారి పని నేను ఎక్కడా చూడలేదు. కొడుకూ కోడలూ పొద్దున్నే పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీకి పోతారు. కాబట్టి అది నా నెత్తిన పడింది.

కోడలు కొలతలు కాగితం మీద రాసిపెట్టి పోయింది. యాభై దాటినాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఒక్కో మాట కూడబలుక్కుంటా మైదా, చక్కెర పొడి, వెన్న కలిపినాను. మనవరాలు, పక్కింటి ఆడపిల్లలిద్దరు చపాతీ పీట మీద పిండి వత్తి, చాకుతో దయ్యాలు కోసినారు. ఒక్కోటి దుప్పటి కప్పుకున్న మనిషి మాదిరి ఉంది.

"కాళ్లేవే?" అన్నాను.

"దయ్యాలకు కాళ్లుండవు అవ్వా."

"మేం ఇన్న దయ్యాలకు ఉండాయి. ఎనక్కి తిరిగుంటాయి."

"అది ఊరి దయ్యం. ఇది బడి దయ్యం" అంది పక్కింటి పెద్దపిల్ల.

మనవరాలు ఆ బడిలో చేరింది ఈ ఏడే. ఇంకా ఎవరూ జట్టు కట్టలేదు. తన చేత్తో కోసిన దయ్యాలు తెస్తానని క్లాసంతా చెప్పుకొని వచ్చింది. ఒక్కటి కూడా చెడగొట్టనని నా చేత ఒట్టు వేయించుకుంది. వేసినాను.

మా ఇంట్లో ఓవెన్ లేదు. హిందూపురంలో పిండి కలిపి బేకరీకి తీసుకుపోతే కాల్చి ఇస్తారు. పక్కింటామె రంజాన్‌కు అట్లే కాల్పించుకుంటుంది, ట్రే కూడా ఆమెదే. ఆ పొద్దు అమావాస్య. మనవరాల్ని ఎంటబెట్టుకొని ట్రే తీసుకుపోయినాను. బేకరీ వాకిట్లో కుంకుమ పూసి పగలగొట్టిన గుమ్మడికాయ చెక్కలు ఇంకా పడున్నాయి. బేకరీ ఆయన ట్రే మీది గుడ్డ తీసి చూసి ఒక అడుగు వెనక్కి వేసినాడు.

"ఇవేందవ్వా?"

"దయ్యాలు. కాల్చియ్యప్పా."

"పొద్దున్నే బట్టీకి దిష్టి తీసినా. ఇప్పుడు దయ్యాల్ని లోపలికి తోల్తావా?"

"మైదాపిండప్పా ఇది. దీంట్లో దయ్యం యాడుండాది?"

"నువ్వే అంటివి కదా. గుండ్రంగా చేసియ్యి, ఇప్పుడే కాలుస్తా. మూతులూ ముక్కులూ ఇంట్లో పెట్టుకో."

ఎంత చెప్పినా వినలేదు. ఇంకో బేకరీకి నడిచినాము. అమావాస్యని మూసేసినారు. మళ్లీ మొదటి బేకరీకి వచ్చేసరికి వెన్న కరిగి దయ్యాలు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి. పిల్ల నా కొంగు పట్టుకొని "అవ్వా, వద్దు" అంది. నాకు వేరే దారి కనపడలేదు. మెట్టు మీద కూర్చొని, దాని కళ్ల ముందరే అన్నిటినీ పిసికి ఉండలు చేసినాను. అది ఏడవలేదు. నా చేతులను చూస్తా నిలబడింది. ఏడ్చింటే బాగుండేది.

ఇంటికి వచ్చినాక చాక్లెట్ కరిగించి, అగ్గిపుల్ల ముంచి, బిస్కెట్ల మీద మొహాలు గీసినారు ముగ్గురూ. మనవరాలు చెప్తా ఉంటే తక్కిన ఇద్దరూ గీసినారు. ముడిపడిన బొమలు, బిగించిన మూతి, ముక్కుకు రెండు పక్కలా పుడకలు.

"ఇదెవురు?"

"నువ్వే అవ్వా" అంది పక్కింటి చిన్నది. "అన్నీ నువ్వే."

మరుసటి రోజు బడి నుంచి బిస్కెట్ల డబ్బా ఖాళీగా వచ్చింది. ఏమన్నారో మనవరాలు నాకు చెప్పలేదు. గోడ మీద నుంచి పక్కింటి పిల్లకు చెప్తా ఉంటే విన్నాను. క్లాసులో ఇద్దరు ఆడపిల్లలు, ఆ అవ్వ నిజంగా ఉందా అని అడిగినారంట, చూడడానికి ఆదివారం మా ఇంటికి వస్తారంట.

నాతో మాత్రం ఇంకా మాట్లాడడం లేదు.