రెండో కూత వెయ్యనివాడు

మా బావమరిది గురించి ఈ పేటలో ఎవరిని అడిగినా రెండు మాటలు చెబుతారు. వాడు చెవిటివాడు, వాడు మొండివాడు. రెండూ నిజమే. అయితే ఆ మాటలు అనడానికి ఈ పేటలో ఇంకా ఇన్ని నోళ్లు మిగిలాయంటే వాడి మొండితనం వల్లనే. ఆ ముక్క మాత్రం ఎవరి నోటా రాదు. అందుకే ఒళ్లు మండి నేను రాస్తున్నాను.

నేను ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. అయినా ఈ పేటలో సగం ఇళ్లు నా తాపీ కిందే లేచాయి. బడి ప్రహరీ నేను కట్టిందే. సంఘం హాలు నేను కట్టిందే. ఒకసారి పెద్ద ఇంజనీరు వచ్చి నా గోడ నిలువు చూడ్డానికి తాడుకు గుండు కట్టి వేలాడదీసి, కాసేపు చూసి, "మేస్త్రీ, ఇందులో నేను చెప్పేదేమీ లేదు" అని తాడు చుట్టి జేబులో వేసుకున్నాడు. నివాసుల సంఘానికి పోటీ లేకుండా అధ్యక్షుడినయ్యాను. ఇవి గొప్ప కోసం చెప్పడం లేదు. గొప్పలే చెప్పుకోవాలంటే ఇంకా చాలా ఉన్నాయి.

మా పేట వెనకే కొండ. కొండలో రాతి క్వారీ. కొండంటే ఇప్పుడు ఒక పక్కే మిగిలింది, రెండో పక్క గొయ్యి. రోజూ మధ్యాహ్నం అక్కడ మందు పేలుస్తారు. పేల్చే ముందు సైరన్ మోగుతుంది. అది కరెంటుది కాదు, ఇనప పిడి పట్టుకుని చేత్తో తిప్పేది. పొడుగ్గా మొదటి కూత వేస్తే అందరూ ఇళ్లలోంచి బయటికి రావాలి. పేలుడు అయ్యాక పొట్టిగా రెండో కూత వేస్తే లోపలికి పోవచ్చు. మా వీధిలో ఆడవాళ్లకు అది అలవాటైపోయింది. మొదటి కూతకు అలమారాలోని గాజు సామాను దించి నేల మీద పెట్టడం, తలుపు బార్లా తీసి బయటికి రావడం, నిన్న ఆపిన తగువు ఎక్కడ ఆపారో అక్కణ్ణుంచి అందుకోవడం. రెండో కూత మోగితే మళ్లీ ఎవరి వంటింట్లోకి వాళ్లు.

ఆ పిడి తిప్పేవాడే మా బావమరిది. మా ఆవిడకు తోడబుట్టినవాడు. పిల్లలు వాణ్ణి కూత బాబాయ్ అంటారు.

వయసులో ఉన్నప్పుడు నా దగ్గరే పనికి చేరాడు. తాపీ పని వాడికి పట్టుబడలేదు. రసమట్టం పెట్టి అందులో బుడగ నడిమికి వచ్చిందా లేదా అని చూస్తూ కూర్చుంటే ఇవతల కలిపిన సిమెంటు గడ్డకట్టేది. "ఒరేయ్, గోడ కడుతున్నావా, పెళ్లిచూపులు చూస్తున్నావా" అని తిట్టి క్వారీలో చేర్పించాను. అక్కడ రాళ్లు కొట్టాడు. అప్పట్లో సైరన్ తిప్పేవాడు ఇంకొకడు. వాడికి ఆకలెక్కువ. ఒకరోజు భోజనానికి తొందరై, పేలాల్సిన మందంతా పేలకముందే రెండో కూత వేసేశాడు. ఆ కూత నమ్మి ముందుకు నడిచిన మా వాడి జతగాడికి కాలు పోయింది. వాణ్ణి భుజాన మోసుకొచ్చినవాడు మా బావమరిదే. ఆ తరవాత సైరన్ పిడి వీడి చేతికి వచ్చింది. అప్పణ్ణుంచి వీడు మొదటి కూత ఎవరు చెప్పినా వేసేవాడు. రెండో కూత మాత్రం గొయ్యి అంచుదాకా నడిచి, కళ్లారా చూసుకుని వస్తేనే వేసేవాడు. వాన పడనీ, మేనేజరు అరవనీ. అన్నేళ్లు ఆ సైరన్ పక్కన నిలబడి చెవులు పోయాయి. పెళ్లి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటాడు. "అరిచి మాట్లాడే పిల్ల దొరకలేదు అక్కా" అనేవాడు.

ఇక భూకంపాల సంగతి. ఆ రోజుల్లో టీవీ పెడితే చాలు, భూగోళం బొమ్మ గిరగిర తిరుగుతూ ఉండేది, దాని మీద ఎర్ర చుక్కలు. ఫలానా దేశంలో ఊళ్లకు ఊళ్లే కూలాయని, ఫలానా సముద్రం అడుగున కదిలిందని. ఒకడు గ్రహాలు వరసలోకి వచ్చాయంటాడు. ఒకడు చంద్రుడంటాడు. ఇంకొకడు లోకం అయిపోతోందని చెప్పి, ఆ మాట అవగానే సబ్బు ప్రకటన వేస్తాడు. అలాంటివాళ్లను వరసగా నిలబెట్టి ఇటుకలు మోయించాలి.

అలాంటి ఒకరోజు పొద్దున, మందు పేల్చే వేళ కాని వేళ, మా ఇల్లు ఊగింది.

అప్పుడు మా వీధి వాళ్లు లోకంలో ఇంకెవరూ చెయ్యని పని చేశారు. ఎవరూ బయటికి రాలేదు. సైరన్ మోగలేదు కదా మరి. మోగకుండా ఊగిందంటే పెద్ద లారీ పోతోందని లెక్క. మా ఆవిడ రెండు చేతులతో అలమారా పట్టుకుని నిలబడింది. గాజు సామాను గలగలమంటోంది.

"ఏమిటండీ ఇది, ఆగదే?"

"రాళ్ల లారీ. పోతుందిలే."

"ఇంతసేపు పోవడానికి అది లారీయా, రైలా?"

అప్పుడు మోగింది మొదటి కూత. అంత పొడుగు కూత నేనెప్పుడూ వినలేదు. ఇంకేముంది, కాళ్లు వాటంతట అవే కదిలాయి. ఆవిడ గాజు సామాను దించింది, నేను తలుపు తీశాను, వీధంతా బయటికొచ్చింది. ఊగడం ఆగింది. రెండో కూత కోసం చూస్తూ నిలబడ్డాం. అది మోగలేదు.

ఎండెక్కింది. పొయ్యి మీద పాలు మాడిపోయాయని ఒకావిడ, ముసలాయనకు మందు బిళ్ల లోపలే ఉండిపోయిందని ఒకావిడ. అందరూ నావైపే చూశారు. "అధ్యక్షులుగారూ, మీ బామ్మర్ది నిద్రపోయాడేమో కాస్త చూసి రండి" అని ఎవడో అన్నాడు. సరే, కొండ ఎక్కాను.

సైరన్ షెడ్డు ముందు జీపు ఆగి ఉంది. మేనేజరు నిలబడి ఉన్నాడు, మొహం కందగడ్డలా ఉంది. మా వాడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. సైరన్ పిడి ఊడదీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారయ్యా నీకు కూత వెయ్యమని? ఇవాళ ఇంకా మందే పెట్టలేదు" అన్నాడు మేనేజరు.

"ఎవరూ చెప్పలేదు సార్. నేల ఊగింది, వేశాను."

"నేలూగితే నీకెందుకు? సైరన్ కంపెనీది. నువ్వు కూత వేశావంటే మేం పేల్చామని అర్థం. రేపు ఎవడింట్లో చెంబు పగిలినా మా మీదికి వస్తారు. ముందు రెండో కూత వెయ్యి, జనాన్ని లోపలికి పొమ్మను."

"వెయ్యను సార్."

నాకూ మండింది. "ఒరేయ్, వీధిలో ముసలీ ముతకా ఎండలో నిలబడ్డారు. ఊగడం ఆగింది కదరా. వేసి పారెయ్" అని వాడి చెవిలో అరిచాను.

వాడు తాపీగా నావైపు తిరిగాడు. "బావా, మందు మనం పెట్టిందైతే ఎప్పుడైపోతుందో వెళ్లి చూసి వస్తాను. ఇది ఎవరు పెట్టారో నాకు తెలీదు. ఇంకెంత మిగిలిందో తెలీదు. తెలీకుండా పొండి అని ఎలా కూత వెయ్యను?"

మేనేజరు పిడి లాక్కోబోయాడు. మా వాడు చంక బిగించాడు. ఆ చంకలోంచి పిడి లాగడానికి క్రేను కావాలి. "నీ ఉద్యోగం సంగతి చూస్తాను" అని మేనేజరు జీపెక్కాడు. నేను వాణ్ణి తిట్టుకుంటూ దిగి వచ్చాను. వీధిలో అందరికీ, "కూత వెయ్యడట, మీ ఇష్టం" అన్నాను. వాళ్లు నన్ను తిట్టారు, వాణ్ణి తిట్టారు, కానీ ఒక్కరూ గడప దాటి లోపలికి పోలేదు. ఎన్నాళ్ల అలవాటో అది. రెండో కూత లేకుండా లోపలికి పోవడమంటే చెయ్యి కడుక్కోకుండా విస్తరి ముందు కూర్చున్నట్టు.

మధ్యాహ్నం దాటాక రెండో ఊపు వచ్చింది. మొదటిది దాని ముందు దండోరా మాత్రమే. నిలబడ్డవాళ్లం కూర్చుండిపోయాం. మా వరసలో గోడలు బీటలిచ్చాయి. సంఘం హాలు కప్పు మొత్తం కూలింది. ఆ వేళకు ఆ హాల్లో కుట్టు తరగతి జరుగుతుంది. నేర్పేది మా ఆవిడే. ఆవిడ, ఆవిడ దగ్గర నేర్చుకునే పిల్లలు అందరూ నా పక్కనే వీధిలో ఉన్నారు. దుమ్ము అణిగాక ఆవిడ హాలువైపు చూసి, నా చెయ్యి పట్టుకుంది. పేటలో ఒక్క ప్రాణం పోలేదు.

ఆ సాయంత్రం పేటంతా మా వాణ్ణి భుజాల మీద మోసుకు తిరగాల్సింది. ఏం జరిగిందో వినండి.

మర్నాడు కంపెనీ గేటుకు కాగితం అంటించింది. మేం ఏమీ పేల్చలేదు, ఒక ఉద్యోగి పొరపాటున సైరన్ మోగించి జనాన్ని కంగారు పెట్టాడు, హాలు కూలడానికి కారణం నాసిరకం కట్టుబడి అని రాసింది. నాసిరకం! నా కట్టుబడి! ఇంజనీరు చేత తాడు చుట్టించి జేబులో పెట్టించిన చెయ్యి ఇది. రోజూ పేలుళ్లతో ఆ గోడల కీళ్లన్నీ వదులు చేసినవాళ్లు నాకు వంక పెట్టడమా? ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

సంఘం సమావేశం వేశాను. కంపెనీ దొంగచాటుగా మందు పేల్చిందని ఫిర్యాదు పెడదామని అందరూ అన్నారు. సాక్ష్యం? సైరన్. మోగిందా, మోగింది. మోగించినవాడు మా ఇంట్లోనే ఉన్నాడు. వాడొక్క మాట అంటే చాలు.

అదే రోజు కంపెనీ నుంచి మనిషి వచ్చాడు. పొరపాటున వేశానని ఒప్పుకుంటే ఉద్యోగం ఉంటుందట. మా వాడు, "పొరపాటున వెయ్యలేదే" అని గుమ్మంలోంచే పంపేశాడు. శభాష్ అనుకున్నాను. రాత్రి భోజనాల దగ్గర నా మాట చెప్పాను.

"మందు పేలిందని చెప్పరా. పేటంతా నీ వెనక నిలబడుతుంది."

"పేలలేదుగా బావా."

"రోజూ పేలుస్తున్నారా లేదా? కొండ మింగేశారా లేదా? ఒక్క రోజు ముందో వెనకో, అబద్ధమేముంది అందులో?"

"ఆ రోజు పేలలేదు."

"నా పేరు మట్టిలో కలుపుతున్నారురా!"

"నీ గోడ మంచిదేనని చెబుతాను బావా. అది నాకు తెలుసు. ఇది నాకు తెలీదు."

మా ఆవిడ మధ్యలో వడ్డిస్తూ, "చెవిటివాడితో అరిచి గెలుద్దామనుకునే మనిషిని మిమ్మల్నే చూశాను" అంది. వాడికి అది వినబడింది. అవసరమైనవి భలే వినబడతాయి వాడికి. వారం పాటు నేను వాడితో మాట్లాడలేదు. అందులో నా తప్పుందని ఇప్పటికీ అనను.

విచారణ బడిలో జరిగింది. భూమి కదలికలు కొలిచే ఆవిడ ఒకరు పెట్టెలతో, తీగలతో వచ్చారు. మంచి చదువరి, చెప్పింది అరటిపండు ఒలిచినట్టు చెప్పారు. ముందు మా వాణ్ణి అడిగారు. వాడు లేచి, అలవాటు కొద్దీ బడి పైకప్పు ఎగిరిపోయేంత గట్టిగా చెప్పాడు. "మందు పేలలేదమ్మా. ముందు నేల ఊగింది, తరవాత నేను కూత వేశాను. రెండోది కావాలనే వెయ్యలేదు. ఎందుకు ఊగిందో నాకు తెలీదు."

మేనేజరు మొహం వెలిగింది. మా సంఘం వాళ్లు తలలు దించుకున్నారు. ఒకడైతే, "ఇంటి దొంగ" అన్నాడు. నేను లేచాను.

"మేడమ్, లోకమంతా ఎక్కడ చూసినా భూకంపాలేనంటున్నారు. ఇది కూడా ఆ లెక్కలోదేనా? మా నెత్తిన కొండ తవ్విన పాపం ఏమీ లేదా?"

"పెద్దాయనా, లోకంలో భూకంపాలు ఎప్పుడూ ఉన్నాయి. కొన్నేళ్లు ఎక్కువ, కొన్నేళ్లు తక్కువ. ఇప్పుడు కొలిచే యంత్రాలు పెరిగాయి, చేతిలో ఫోన్లున్నాయి, అందుకని ప్రతిదీ మన చెవిన పడుతోంది. పెద్దవాటికి కారణం భూమి పైపొర పలకలుగా ఒకదాన్నొకటి నెట్టుకోవడం. గ్రహాల వరసకు దీనితో సంబంధం లేదు. చంద్రుడి పోటు వల్ల ఏమైనా ఉంటే చాలా కొద్ది. కానీ మనుషులు రేపేవీ ఉన్నాయి. పెద్ద జలాశయం నింపితే, లోతుకు మురుగునీరు ఎక్కిస్తే, గనులు తవ్వితే. కొండను తీసేస్తే కింద నేల మీద బరువు తగ్గుతుంది. అప్పటికే కదలడానికి సిద్ధంగా ఉన్న చీలిక ఏదైనా ఉంటే అది జారవచ్చు."

"అయితే వీళ్లే చేశారు."

"అలా అనలేదు. మా దూరపు కేంద్రంలో నమోదైన గీత చూస్తే ఇది పేలుడు కాదు, అది ఖాయం. ఆయన చెప్పిన వరసా దానికి సరిపోయింది. కాబట్టి ఇప్పుడు అడగాల్సింది ఆ రోజు పేల్చారా అని కాదు, ఇన్నేళ్ల తవ్వకం దీన్ని రేపిందా అని. అది చెప్పడానికి పరీక్షలు కావాలి. అవి అయ్యేదాకా తవ్వకం ఆపమని రాస్తాను. ఆఖరికి తెలియకపోవచ్చు కూడా."

మేనేజరు మొహంలో దీపం అప్పుడు ఆరింది. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. వీళ్లు కొండను తవ్వి దేన్ని లేపారో ఎలుకలకే తెలియాలి.

తవ్వకం ఆగింది. మా వాడి ఉద్యోగం కూడా పోయింది. అనుమతి లేకుండా సైరన్ మోగించినందుకు, అనుమతి ఇచ్చినా మోగించనందుకు, రెండు నేరాలూ ఒకే కాగితం మీద రాశారు. పేటలో వాళ్లు వాడితో మాట్లాడటం మానేశారు, ఫిర్యాదు చెడగొట్టాడని. వాడు బయట నిలబెట్టబట్టే బతికి ఉన్న మనుషులు వాణ్ణి చూసి తలుపులు వేసుకుంటున్నారు. ఆ తలుపులకు గోడలు కట్టింది నేను. ఎవరికి చెప్పుకోను?

ఇప్పుడు సంఘం హాలు మళ్లీ కడుతున్నాను. ఈసారి కప్పు తేలిక రేకులు, మూలమూలకూ ఇనుము, ఆ మేడమ్‌ని అడిగి మరీ. రసమట్టం మా వాడి చేతికిచ్చాను. బుడగ నడిమికి వచ్చేదాకా చూడనీ, సిమెంటు గడ్డకడితే మళ్లీ కలుపుతాను.

మొన్న కంపెనీ మనిషి పనిచోటికే వచ్చాడు. సైరన్ పిడి కంపెనీ ఆస్తి, అప్పగించమన్నాడు. అది మా వంటింటి అలమారాలో ఉంది, గాజు సామాను పక్కన, మా ఆవిడ పెట్టింది. మా వాడికి అతని మాట వినబడలేదో, వినదలుచుకోలేదో, బుడగ చూస్తూనే ఉన్నాడు. నేను తాపీ కింద పెట్టాను.

"పరీక్షలు అయ్యాయా?"

"ఇంకా లేదండీ."

"మరి రెండో కూత ఇంకా మిగిలే ఉంది. అవి అయ్యాక రండి. మావాడు కొండెక్కి చూసి వస్తాడు. వెయ్యాల్సి ఉంటే వేసి, అప్పుడు ఇస్తాం."